అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు: వేసే ముందు వాళ్లను అడిగారా?

అమెరికా పౌరసత్వం చేతికి రాగానే మనవాళ్లలో చాలామందికి వచ్చే మొదటి ఆలోచన అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు వేద్దామని. ప్రేమతోనే వేస్తారు, అందులో సందేహం లేదు. కానీ ఆ ప్రేమ వెనకే ఒక లెక్క కూడా ఉంటుంది: "వేసి పెడితే పోయేదేముంది, వీలున్నప్పుడల్లా వచ్చి పోతూ ఉంటారు." ఆ లెక్కే తప్పు. గ్రీన్‌కార్డు ఉన్నది వచ్చి పోవడానికి కాదు, అక్కడ స్థిరంగా ఉండటానికి. ఉండే ఉద్దేశం లేనివాళ్లకు అది సౌకర్యం కంటే టెన్షనే ఎక్కువ తెస్తుంది.

చట్టం వైపు నుంచి చూస్తే ఇది తేలికైన దారే. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరుల తల్లిదండ్రులను 1965 నాటి ఇమిగ్రేషన్ చట్టం కోటా పరిధి నుంచి తప్పించింది. అందుకే "క్యూ లేదు" అంటారు. నిజానికి ఆ క్యూలో ముందే పిల్లలు నిలబడి ఉంటారు. హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద వెళ్లి, ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-2, ఈబీ-3 వరసల్లో పదేళ్లకు పైగా ఎదురుచూసి, గ్రీన్‌కార్డు వచ్చాక మామూలుగా మరో ఐదేళ్లకు గానీ పౌరసత్వానికి అర్హత రాదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్న కొడుకో కూతురో తల్లిదండ్రులకు పిటిషన్ వేయలేరు. ఇదంతా పూర్తయ్యేసరికి నాన్నకు డెబ్బై దాటుతున్నాయి, అమ్మకు మోకాళ్లు నడవనివ్వడం లేదు.

తర్వాత కాగితాల పని. అమ్మకొకటి, నాన్నకొకటి విడివిడిగా ఐ-130 పిటిషన్ వేయాలి. వాళ్ల తరంలో పుట్టినప్పుడు నమోదు చేయించినవాళ్లు తక్కువ. జనన మరణాల నమోదు చట్టమే 1969లో వచ్చింది. కాబట్టి రికార్డు దొరకలేదన్న ధ్రువపత్రం తెచ్చుకుని, దానికి పెద్దల అఫిడవిట్లు జత చేయాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొడుకు బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు సుబ్బమ్మ, ఆధార్‌లో సుబ్బలక్ష్మి. ఇవన్నీ ఒకరివేనని చూపించుకోవాలి. విసుగు పుట్టించే పనే, అయినా ఓపిక ఉంటే అయిపోతుంది.

అసలు ఆలోచించాల్సిన కాగితం ఐ-864. చాలామంది దీన్ని మరో ఫారం అనుకుని సంతకం పెట్టేస్తారు. వాళ్లను పోషించే బాధ్యత నాదని ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం అది. పేదరిక ప్రమాణానికి కనీసం 125 శాతం ఆదాయం చూపించాలి, చాలకపోతే జాయింట్ స్పాన్సర్‌ను తేవాలి. వచ్చినవాళ్లు పౌరులయ్యే వరకో, వాళ్ల ఖాతాలో 40 క్వార్టర్ల (దాదాపు పదేళ్ల) పని జమయ్యే వరకో, దేశం వదిలి శాశ్వతంగా వెళ్లే వరకో, చనిపోయే వరకో ఆ బాధ్యత వదలదు. ఉద్యోగం పోయినా వదలదు.

ఇక వైద్యం. వచ్చిన మొదటి రోజునుంచీ మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటుందనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు. ఉండదు. అమెరికాలో పని చేసిన చరిత్ర లేనివాళ్లు 65 ఏళ్లు నిండి, ఐదేళ్లు వరసగా అక్కడ ఉంటేనే మెడికేర్‌ను ప్రీమియం కట్టి కొనుక్కునే వీలుంటుంది. ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్-ఎ ఒక్కదానికే మనిషికి నెలకు 500 డాలర్లు దాటుతుంది. పన్నుల సంగతైతే ఇంట్లో ఎవరూ ఎత్తరు. గ్రీన్‌కార్డు తీసుకున్న రోజునుంచి నాన్న పెన్షన్, అమ్మ పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, ఇంటి అద్దె అన్నీ అమెరికా రిటర్నులో చూపించాలి. విదేశీ ఖాతాల్లో ఉన్నదంతా కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే, ఆ ఖాతాల వివరాలు తెలిపే ఎఫ్‌బార్ కూడా వేయాలి.

ఇన్నీ తట్టుకున్నా, రాకపోకల దగ్గర దెబ్బ తింటారు. ఆరు నెలలు దాటి ఇండియాలో ఉంటే తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటితే మామూలుగా ఆ కార్డు మీద లోపలికి రానివ్వరు. రీఎంట్రీ పర్మిట్ తీసుకుంటే రెండేళ్ల వరకు వెసులుబాటు ఉంటుంది, అయితే దానికి అమెరికాలో ఉండగానే అప్లై చేయాలి. ఒక్కసారి ఊహించండి: ఇరవై గంటలు ప్రయాణం చేసి దిగిన పెద్దాయన్ని పక్క గదిలో కూర్చోబెట్టి, ఇన్నాళ్లు ఎక్కడున్నారని అడిగి, ఐ-407 ముందు పెట్టి సంతకం చేయమంటారు. అది కార్డును వదులుకుంటున్నానని ఇచ్చే కాగితం. సంతకం పెట్టనని, ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని అనే హక్కు ఆయనకు ఉంది. ఆ మాట ఎంతమంది పిల్లలు ముందే చెప్పి పంపుతున్నారు?

తప్పంతా పిల్లలదే అనను. మన పెద్దల్లో చాలామందికి కావలసింది ఏడాదో రెండేళ్లో పిల్లల దగ్గర ఉండి, మళ్లీ తమ ఇంటికి వెళ్లడం. అమెరికా చట్టంలో దానికి చోటు లేదు. ఉంటే బి-2 విజిటర్ వీసా మీద సాధారణంగా ఒకసారికి ఆరు నెలలు, లేదంటే శాశ్వత నివాసం. కెనడా 2011లోనే ఇలాంటి తల్లిదండ్రుల కోసం సూపర్ వీసా తెచ్చింది. 2022 నుంచి దానిమీద ఒక్కో రాకకు ఐదేళ్ల వరకు ఉండొచ్చు, కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా ముందే చూపించాలి. అమెరికాలో 2017లో సెనేటర్లు టామ్ కాటన్, డేవిడ్ పెర్డ్యూ తెచ్చిన రెయిజ్ బిల్లులోనూ తల్లిదండ్రులకు ఐదేళ్ల తాత్కాలిక వీసా ప్రతిపాదన ఉంది. కాకపోతే గ్రీన్‌కార్డు దారి మూసేసి దాని స్థానంలో పెట్టాలనుకున్నారు. ఆ బిల్లు ముందుకు సాగలేదు. ఆ దారిని అలాగే ఉంచి, దానికి తోడుగా ఇలాంటి వీసా తెస్తే ఎన్నో కుటుంబాలకు సరిపోతుంది. తెలుగు సంఘాలు తమ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యులను కలిసినప్పుడు హెచ్‌-1బితో పాటు దీన్నీ అడగాలి.

అంతవరకూ నిర్ణయం పెద్దలదే కావాలి. అమ్మ "నేను అక్కడ ఉండలేనురా" అంటే పిటిషన్ వేయకండి. ఐ-130 వేశాక బి-2 రెన్యూవల్‌కు వెళితే, అమెరికాలోనే ఉండిపోతారన్న అనుమానంతో తిరస్కరించే అవకాశం ఎక్కువ. ఇప్పటికే కార్డు తీసుకుని ఇండియాలోనే ఎక్కువగా ఉంటున్నవాళ్లు, విమానాశ్రయంలో ఎవరో అడిగేదాకా ఆగకుండా తామే ఐ-407 ఇచ్చి, మళ్లీ విజిటర్ వీసాకు అప్లై చేసుకోవచ్చు. వీసా వచ్చి తీరుతుందని హామీ లేదు. కానీ తమంతట తాము కార్డు వదులుకున్నారన్నది ఇంటర్వ్యూలో వాళ్లకు కలిసొచ్చే అంశమే.