జేబు సిద్ధాంతం

అమెరికాలోని నల్లవాళ్ళ బ్లూస్ సంగీతంలో మౌతార్గన్ వాయించిన మహానుభావులెవరని అడిగితే, తెలిసినవాళ్ళు లిటిల్ వాల్టర్, సానీ బాయ్ విలియమ్సన్, జేమ్స్ కాటన్ అంటూ గుక్క తిప్పుకోకుండా పది పేర్లు చెప్తారు. ఆడవాళ్ళ పేర్లు చెప్పమంటే మాత్రం గుక్క తిప్పుకుంటారు.

ఎందుకు లేరంటే ఆడవాళ్ళకి అంత ఊపిరి చాలదట. నాతో ఈ మాటన్న పెద్దమనిషి రెండో అంతస్తుకి మెట్లెక్కొచ్చి, మంచినీళ్ళు తాగి, కాస్త తేరుకున్నాక అన్నాడు. మా అమ్మమ్మ యాభై ఏళ్ళు ఊదుగొట్టం పట్టుకుని తడికట్టెల్ని మండించింది, అప్పుడు ఆవిడ ఊపిరి గురించి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. అన్నం ఉడికింది కదా.

కాబట్టి నేనే స్వయంగా పరిశోధించి (ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం) అసలు కారణం కనిపెట్టాను. జేబు. బ్లూస్ వాళ్ళ మౌతార్గన్ నాలుగంగుళాల వస్తువు, పది రంధ్రాలు, లోపల ఇరవై ఇత్తడి రీడ్లు (ఊపిరి తగిలితే మోగే పల్చటి రేకులు). చొక్కా జేబులో ఇమిడిపోతుంది. పైగా ఒక్కో శృతికి ఒక్కోటి కావాలి, అంటే జేబులు ఎన్నుంటే అంత విద్వాంసుడు. ఆడవాళ్ళ బట్టలకి జేబులుండవు. ఇంతకంటే శాస్త్రీయమైన కారణం ఎవరైనా చెప్తే వినడానికి సిద్ధంగా ఉన్నాను.

నా సిద్ధాంతానికి సాక్ష్యం విల్లీ మే థార్న్‌టన్. లోకం బిగ్ మామా అని పిలిచిన మనిషి. 1926లో అమెరికాలో అలబామా రాష్ట్రంలో పుట్టింది. నాన్న చర్చిలో బోధకుడు, అమ్మ అదే చర్చిలో పాడేది. అమ్మ పోయాక బడి మానేసి ఒక సారాకొట్టులో ఉమ్మితొట్లు కడిగింది. పద్నాలుగేళ్ళకే ఊరూరా తిరిగే ఒక షో ట్రూపులో చేరిపోయింది. తనకెవరూ ఏమీ నేర్పలేదని, పాటా మౌతార్గనూ డ్రమ్సూ పక్కవాళ్ళని చూసి నేర్చుకున్నానని ఆవిడే చెప్పుకుంది. గురువు లేడు, ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. ఇలాంటి ఉదాహరణలు పిల్లల చెవిన పడకుండా చూసుకోవాలి.

ఇంతకీ ఆవిడ ప్యాంటూ చొక్కా వేసుకుని స్టేజి ఎక్కేది. దానికి జనం ఏవేవో అర్థాలు తీశారు, చెవులు కొరుక్కున్నారు. నాకు మాత్రం రెండు జేబులు కనిపించాయి.

ఇక వాయించే పద్ధతి. బ్లూస్ వాళ్ళు సి శృతి మౌతార్గన్ తీసుకుని జి శృతిలో వాయిస్తారు, ఊదడం కంటే పీల్చడమే ఎక్కువ. పీలుస్తూ నాలుకనీ గొంతునీ సర్దితే స్వరం కిందికి జారి మూలుగుతుంది, దాన్నే బెండ్ అంటారు. జర్మనీ ఫ్యాక్టరీలో తమ జానపద బాణీలకని చేసుకున్న వస్తువుని అమెరికాలోని నల్లవాళ్ళు ఇలా తిరగేసి ఏడిపించారు. అంటే ఏమిటి? పుట్టింటి శృతి వదిలేసి, ఇంకో ఇంటి శృతిలో సర్దుకుని, ఊపిరి బిగబట్టి, గొంతు తగ్గించుకుని కాపురం చెయ్యడం. ఈ విద్య ఆడవాళ్ళకి ఎలా అబ్బుతుందో, పాపం, నిపుణులకి అంతుపట్టడం లేదు.

1965లో బ్లూస్ కళాకారుల బృందంతో ఆవిడ యూరప్ వెళ్ళినప్పటి వీడియో ఒకటుంది. వాల్టర్ హోర్టన్, డాక్టర్ రాస్, జె.బి. లెనోర్, జాన్ లీ హూకర్ అందరూ మౌతార్గన్లు పట్టుకుని ఒక్కొక్కరే వాయిస్తుంటారు. నడిపించేది బిగ్ మామా. ఆవిడ వంతు వచ్చినప్పుడు ఊపిరి చాలలేదేమో అని నేను నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను. చాలింది.

అయితే నా సిద్ధాంతంలో ఒక చిన్న లోపం ఉందని ఒప్పుకోవాలి. జేబు ఉంటే సరిపోదు, అందులో డబ్బులు కూడా పడాలట. 1952లో ఆవిడ పాడిన ‘హౌండ్ డాగ్’ మరుసటి ఏడాది విడుదలై ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) హిట్ పాటల పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. దానికి తన చేతికొచ్చింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆవిడ చెప్పింది. 1956లో అదే పాట తెల్లవాడైన రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడాడు, ఆ తర్వాత ఆయన జేబుల సంగతి నేను చెప్పక్కర్లేదు. 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఒక అద్దె గదుల ఇంట్లో ఆవిడ పోయింది. 57 ఏళ్ళు. గొప్ప సంగీతకారులని సత్కరించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు ఆవిణ్ణి చేర్చుకున్నది 2024లో. నలభై ఏళ్ళు ఆలోచించారంటే ఎంత జాగ్రత్తగా పరిశీలించి ఉంటారో చూడండి.

నేను కూడా ఈ మధ్య ఒక మౌతార్గన్ కొన్నాను. రెండో రంధ్రం పీలిస్తే కుక్కర్ విజిల్ అనుకుని మా ఆయన స్టవ్ ఆపేసి వస్తున్నాడు. అది నా ఊపిరి లోపం కాదు, జేబు లోపం. అందుకే కొత్త చుడీదార్ గుడ్డ తీసుకుని టైలర్ దగ్గరికి వెళ్ళి, “మాస్టారూ, పక్కన ఒక జేబు పెట్టండి” అన్నాను.

“షేప్ పోతుంది మేడమ్. ఎందుకు, ఫోన్‌కా?”

“మౌతార్గన్‌కి.”

ఆయన టేపు మెడలో వేసుకుని నన్ను ఒకసారి కిందినుంచి పైదాకా చూశాడు.

“పిల్లాడిదా మేడమ్?”