రిటైర్మెంటు పొదుపులో పన్ను ఎప్పుడు పడుతుందన్నదీ చూడాలి

విశాఖ సీతమ్మధారలో ఉండే మా పెదనాన్నగారి ఆదాయపు పన్ను కాగితాలు సర్దుతుండగా ఒక క్యుములేటివ్ డిపాజిట్ (వడ్డీని కూడబెట్టి గడువు తీరాక ఒకేసారి ఇచ్చేది) రసీదు దగ్గర ఆయన నన్ను ఆపారు. వడ్డీ రూపాయి కూడా చేతికి రాలేదు, మన పేరున జమైన పన్ను వివరాలు చూపే ఫారం 26ఏఎస్‌లో మాత్రం బ్యాంకు ముందే టీడీఎస్ (మూలంలో పన్ను) కోసినట్టు ఉంది. "గడువు తీరాక ఇచ్చే వడ్డీకి ఇప్పుడే పన్నేమిటి నాయనా?" అన్నారు. చాలామంది పొదుపు ప్రణాళికల్లో లోపించే ప్రశ్న అదే.

బ్యాంకు డిపాజిట్ వడ్డీ చేతికి రాకపోయినా దానిపై ఏటా పన్ను పడుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి సెస్సుతో కలిపి 31.2 శాతం పోతే 7 శాతం వడ్డీలో మిగిలేది దాదాపు 4.8 శాతమే. పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) వడ్డీపై పన్ను అసలే లేదు. లాభాన్ని పంచకుండా ఫండ్‌లోనే ఉంచే గ్రోత్ మ్యూచువల్ ఫండ్‌లో పన్ను అమ్మే రోజు దాకా ఆగుతుంది, అదీ లాభం మేరకే. ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం)లోనూ పన్ను వాయిదా పడుతుంది. 60 ఏళ్లకు నిధిలో 60 శాతం వరకు ఒకేసారి పన్ను లేకుండా తీసుకోవచ్చు గానీ, మిగతాదానితో కొన్న యాన్యుటీ పింఛను ఏటా ఆదాయంలో కలుస్తుంది. కొత్త పన్ను విధానంలో యజమాని వాటాకు మినహాయింపు ఉంది, ఉద్యోగి సొంతంగా వేసే సొమ్ముకు లేదు. కాబట్టి ఆ విధానంలో ఉన్నవారు కేవలం పన్ను కోసం సొంత డబ్బును ఎన్‌పీఎస్‌లో కట్టడం నాకు సరైనదిగా తోచదు.

అసలు చిక్కు రిటైరయ్యాక వస్తుంది. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో పనిచేసి దిగిన వ్యక్తి పీఎఫ్, గ్రాట్యుటీ, పాత పొదుపు కలిపి కోటిన్నర మొత్తాన్నీ 7 శాతానికి డిపాజిట్ చేశారనుకుందాం. వడ్డీ 10.5 లక్షలు, పైఅంతస్తు అద్దెలో 30 శాతం మినహాయింపు పోను మరో 3 లక్షలు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు (పన్ను తగ్గింపు)తో పన్ను ఉండదు, కానీ 13.5 లక్షలకు సెస్సుతో 85,800 రూపాయలు కట్టాలి. ఆ కోటిన్నరలో 40 లక్షలు డెట్ ఫండ్ (బాండ్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్) గ్రోత్ ఆప్షన్‌లో ఉంటే వడ్డీ, అద్దె కలిసి 10.7 లక్షలే అవుతాయి. ఖర్చుకు ఫండ్ నుంచి 3 లక్షలు తీసినా అందులో ఎక్కువ భాగం అసలే కనుక, మొదటి ఏళ్లలో ఆదాయం 12 లక్షలు దాటదు. ఫండ్‌కు బ్యాంకు డిపాజిట్‌కున్న బీమా లేదన్నది మరవకూడదు. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్ లెక్క వేరు: దీర్ఘకాలిక లాభంలో ఏటా 1.25 లక్షలు దాటినదానికి 12.5 శాతం పన్ను, దానికి ఈ రిబేటు వర్తించదు.

15 ఏళ్లు నిండిన పీపీఎఫ్‌ను మూసి డిపాజిట్‌గా మార్చడం మన ఊళ్లో తరచుగా కనిపించే పొరపాటు. కొత్తగా సొమ్ము వేయకుండానే దాన్ని ఎంతకాలమైనా కొనసాగించుకోవచ్చు, ఏడాదికి ఒకసారి కావలసినంత తీసుకోవచ్చు, వడ్డీకి పన్నుండదు. పెదనాన్నగారు మూసివేత ఫారం నింపి సంతకం కూడా చేసి ఉంచారు. ఈ లెక్క చూశాక దాన్ని బ్యాంకుకు ఇవ్వలేదు.