నేల ఉసిరిని పరీక్షకు పెట్టిన బ్లంబర్గ్

కామెర్లు అనగానే తెలుగు పల్లెల్లో నేటికీ ముందు వినిపించే సలహా పసరు మందు. అది పోసే ఊళ్లకు పేరుంది, పథ్యాలున్నాయి, తగ్గిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ పసర్లలో ఎక్కువగా వాడే నేల ఉసిరిపై, కాలేయాన్ని వాచేలా చేసి కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వైరస్ గుట్టు విప్పిన నోబెల్ శాస్త్రవేత్తే పరిశోధన చేశారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. కామెర్ల గురించి మనం ఎలా ఆలోచించాలో ఆ పరిశోధన నేర్పుతుందని నా నమ్మకం.

అమెరికాకు చెందిన బరూచ్ బ్లంబర్గ్ కాలేయ వైద్య నిపుణుడు కారు. ఒకే జబ్బు కొందరినే ఎందుకు పట్టుకుంటుందన్నది ఆయన ప్రశ్న. రక్తంలోని ప్రొటీన్ల తేడాల్లో జవాబు దొరుకుతుందేమోనని దేశదేశాల రక్త నమూనాలు సేకరించారు. పదేపదే రక్తం ఎక్కించుకున్న హీమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు) రోగుల సీరంలో, అంటే రక్తంలోని పలచటి ద్రవంలో, పరాయి ప్రొటీన్లను గుర్తుపట్టే యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి వాటితో ఆ నమూనాలను పరీక్షించేవారు. 1960ల తొలినాళ్లలో హార్వీ ఆల్టర్‌తో కలిసి చేసిన పరీక్షల్లో, న్యూయార్క్‌కు చెందిన ఒక రోగి సీరం ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంతో చర్య జరిపింది. అలా దొరికిన ప్రొటీన్‌కు ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ (యాంటీబాడీలు గుర్తుపట్టే పదార్థం యాంటిజెన్) అని పేరు పెట్టి 1965లో ప్రకటించారు. మొదట దాన్ని లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో ముడిపెట్టి చూశారు. తర్వాత, తొలి పరీక్షలో ఆ యాంటిజెన్ లేని ఒక డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు సమస్య) రోగి రక్తంలో అది కొత్తగా కనిపించింది. కాలేయ పరీక్షలు చేస్తే హెపటైటిస్ అని తేలింది. 1967లో ప్రయోగశాల టెక్నీషియన్ ఒకరు జబ్బుపడి, తన రక్తాన్ని తానే పరీక్షించుకుంటే అదే యాంటిజెన్ బయటపడింది. అది హెపటైటిస్ బి వైరస్ పైపొరలోని ప్రొటీన్. బ్లంబర్గ్, ఇర్వింగ్ మిల్‌మన్ 1969లో టీకా పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1976లో బ్లంబర్గ్‌ను నోబెల్ వరించింది.

తర్వాతి దశాబ్దంలో ఆయన మద్రాసులోని సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎస్.పి. త్యాగరాజన్ బృందంతో చేయి కలిపారు. వైరస్ శరీరంలో పాతుకుపోయిన వారిలో కొందరికి నేల ఉసిరి పొడి, కొందరికి మందులేని ప్లాసిబో నెల రోజులు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో యాంటిజెన్ మాయమైంది. ప్లాసిబో తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. 1988లో లాన్సెట్ వైద్య పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది. అయితే తర్వాత ఇతర చోట్ల చేసిన ప్రయోగాల్లో అంతటి ఫలితం రాలేదు. మన మొక్కకు దక్కాల్సిన నిజమైన గౌరవం ఇదే. నాటువైద్యమని తోసిపుచ్చలేదు, పెద్దలు చెప్పారని నెత్తిన పెట్టుకోలేదు. పరీక్షించారు, మళ్లీ పరీక్షించారు.

మరి పసరుతో కామెర్లు తగ్గడం అబద్ధమా? తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి! కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో వాటంతటవే నయమవుతాయి. గర్భిణులకు మాత్రం ఇ రకం ప్రాణాంతకం కావచ్చు. పెద్దయ్యాక బి సోకినా నూటికి 95 మంది దాన్ని తమంతట తామే వదిలించుకుంటారు. ఆ ఘనత పసరు ఖాతాలో పడుతోంది. పసిబిడ్డల సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. పుట్టినప్పుడు సోకితే నూటికి 90 మందిలో వైరస్ తిష్ఠ వేస్తుంది. కళ్లు పచ్చబడవు, నొప్పి ఉండదు. ఏళ్లు గడిచాక సిరోసిస్‌గానో (కాలేయం గట్టిపడి పాడవడం), కాలేయ క్యాన్సర్‌గానో బయటపడుతుంది. పచ్చదనం పోవడాన్నే కొలతగా పెట్టుకున్న వైద్యానికి ఈ జబ్బు చిక్కదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనా ప్రకారం భారత్‌లో దాదాపు 3 కోట్ల మంది హెపటైటిస్ బితో జీవిస్తున్నారు. ప్రపంచవ్యాప్తంగా బాధితుల్లో తమకు జబ్బుందని తెలిసినవారు 13 శాతమే. 1997లో హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ చవక టీకా తెచ్చింది. దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో అది చేరింది మాత్రం 2011లో. అంతకు ముందు పుట్టిన చాలామందికి టీకా అందలేదు, పరీక్షా జరగలేదు. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. ఆ మాట ఊళ్లకు చేరవేయడంలో ప్రభుత్వాలు చూపుతున్న శ్రద్ధ నాకు చాలా తక్కువగా కనిపిస్తోంది.

పసరు తాగినవాళ్లను తిట్టి దూరం చేసుకోవద్దు. తాగినా సరే, ఆ యాంటిజెన్‌ను పట్టే హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష చేయించుకోమని ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చెప్పాలి. గర్భిణికి పాజిటివ్ వస్తే, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధ యాంటీబాడీల) ఇంజెక్షన్ సిద్ధంగా ఉంచే బాధ్యత ఆసుపత్రిది. ఆమె భర్తకూ, మిగతా పిల్లలకూ అదే రక్తపరీక్ష ఆలస్యం లేకుండా జరగాలి.