స్లైడర్ ఉన్నది చివరిదాకా లాగడానికే

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు తయారుచేసేవారికి తిరుపతి పెళ్ళిళ్ళ గురించి బొత్తిగా తెలియదన్న సంగతి, మా మేనకోడలి పెళ్ళి వీడియో కోసం ఊళ్ళోని ఒక స్టూడియోలో నాలుగు సాయంత్రాలు కూర్చున్న తరువాత నాకు రూఢి అయింది. మా ఎడిటరు వాడే డావిన్సీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేరును తెరిస్తే, రంగు చిక్కదనాన్ని నిర్ణయించే సాచురేషన్ 50 దగ్గర నిలిచి ఉంటుంది. దానిని 100 దాకా పెంచుకునే వీలుంది. కంచిపట్టు చీరకు పూర్తి ధర చెల్లించిన పెళ్ళివారికి సగం రంగు చూపించి సరిపెట్టడం ఏ ధర్మశాస్త్రం ఒప్పుతుంది? ఆ అన్యాయాన్ని సహించలేని మా ఎడిటరు స్లైడర్‌ను ఒక్క లాగు లాగి 100కు చేర్చాడు.

ఎనిమిది బిట్ల వీడియోలో ఎరుపుకు సున్నా నుంచి 255 వరకు మొత్తం 256 మెట్లే ఉంటాయి. చీరలోని లేత ఎరుపూ ముదురు ఎరుపూ ఎగబడి ఎక్కి ఆఖరి మెట్టు మీదే కూర్చునేసరికి, మడతలూ నీడలూ అంచు జరీలోని మామిడి పిందెలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పెళ్ళికూతురు ఎర్ర రంగు పూసిన తలుపు రెక్కలా నిలబడింది. అలిపిరి దారిలో 3,500కు పైగా మెట్లు ఎక్కే ఊరివాళ్ళకు 256 మెట్లు ఏ మూలకు సరిపోతాయి? తప్పు ఎడిటరుది కాదు, మెట్లు కట్టినవారిది.

చర్మాన్ని నున్నగా చేసే ఎఫెక్టు విషయంలో మాత్రం కొంత ధర్మసందేహం కలిగింది. అది పక్కపక్కనున్న పిక్సెళ్ళను సగటు చేసి, చిన్న చిన్న తేడాలను చెరిపివేస్తుంది. మొటిమకూ ముక్కుపుడకకూ భేదం దానికి తెలియదు. పిల్లకు దిష్టి తగలకూడదని అమ్మమ్మ బుగ్గమీద పెట్టిన దిష్టి చుక్కను కూడా మచ్చగా ఎంచి తుడిచివేసింది. నేను అభ్యంతరం చెబితే ఎడిటరు వినయంగా, "సార్, మచ్చనేది కనపడకుండా రావల్లని పెండ్లికొడుకు వాళ్ళే చెప్పినారు" అన్నాడు. ఇక దిష్టి తీయవలసిన భారం కూడా వారిదేనని నేను ఊరుకున్నాను.

తలంబ్రాల ఘట్టం శాస్త్రీయమైనది. సెకనుకు 25 ఫ్రేములు తీసిన దృశ్యాన్ని నాలుగో వంతు వేగానికి తగ్గిస్తే, ఒక్క సెకను నాలుగు సెకన్లు నడవాలి, అందుకు 100 ఫ్రేములు కావాలి. తక్కిన 75ను, వస్తువులు ఏ వైపు కదులుతున్నాయో ఊహించి ఆప్టికల్ ఫ్లో అనే పద్ధతి తానే అల్లుతుంది. తీసేటప్పుడే సెకనుకు 100 ఫ్రేములు పట్టి ఉంటే ఈ ఊహాగానం అక్కరలేదని కొందరు చాదస్తులు అంటారు. కానీ అప్పుడు మా అల్లుడి దోసిలి నుంచి బియ్యపు గింజలకు బదులు సేమ్యా జాలువారే అద్భుతం మేము చూసి ఉండేవాళ్ళమా? ఆయన చేతికి నడుమ నడుమ ఏడెనిమిది వేళ్ళు మొలవడం కూడా నేను కళ్ళారా చూశాను.

పచ్చ రంగును చెరిపి ఆ చోట వేరే దృశ్యం అతికించడానికని పచ్చ తెర ముందు తీసిన ఘట్టం గురించి ఎక్కువ చెప్పను. తెర అంచులు శుభ్రంగా పోవాలని, ఎంత తేడా ఉన్న పచ్చనైనా చెరపవచ్చో చెప్పే టాలరెన్స్‌ను పెంచగా, పెళ్ళికొడుకు భుజం మీది ఆకుపచ్చ కండువా కూడా తెరతోపాటే మాయమై, ఆ చోట తలకోన జలపాతం దూకింది. 270 అడుగుల జలపాతాన్ని మెడలో వేసుకున్న అల్లుడు మా చిత్తూరు వైపు ఇంతవరకు ఎవరికి దొరికాడు?

ఇవన్నీ కాగితం మీద రాసుకుని, స్లైడర్లన్నీ యథాస్థానానికి తెప్పించాలనే పట్టుదలతోనే నాలుగో సాయంత్రం వెళ్ళాను. అప్పటికి గ్లో పని నడుస్తున్నది. ఒక హద్దు పెట్టి, అంతకు మించిన వెలుగున్న పిక్సెళ్ళ చుట్టూ కాంతిని వ్యాపింపజేయడం దాని పని. మా ఎడిటరు ఆ హద్దును బాగా కిందికి దించి ఉంచాడు. మండపం దీపాలు పడి మెరుస్తున్న నా బట్టతల ఆ హద్దును సునాయాసంగా దాటింది. కన్యాదానం జరుగుతున్నంతసేపూ వెనుక నిలబడిన నా తల చుట్టూ, పటంలో దేవుడికి ఉన్నట్టే, బంగారు వలయం వెలిగింది. పక్కనున్న మా బావగారికి, దట్టమైన జుట్టు కారణంగా, ఏమీ రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మిగిలినవి వారి ఇష్టమనీ, ఈ ఒక్క సెట్టింగును మాత్రం ఎవరు చెప్పినా ముట్టుకోవద్దనీ బతిమాలి వచ్చాను.