కొనుగోళ్లు చెప్పేదెంత?

సరిహద్దులో తుపాకులు మోగిన ప్రతిసారీ జనం మనసు తెలుసుకునేందుకు కొందరు బజారు వైపు చూస్తారు. ఏ దేశపు సరుకు మానేశారు, ఎన్ని జెండాలు కొన్నారు అన్న లెక్కతో యుద్ధానికి ప్రజల మద్దతును తేల్చేస్తారు. ఆ లెక్కను నమ్మలేమని మా అభిప్రాయం.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ వేళ పాకిస్థాన్‌కు టర్కీ బాసటగా నిలిచినందుకు పలు నగరాల పండ్ల వ్యాపారులు టర్కీ యాపిల్ తెప్పించడం మానేశారు. ఆ ఆగ్రహం నిజమైనదే. అయితే పక్క బుట్టలోనే మరో చోటి యాపిల్ దొరుకుతున్నప్పుడు కొనేవారు వదులుకున్నది స్వల్పం. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో 20 మంది సైనికులు అమరులయ్యాక చైనా వస్తువులను బహిష్కరించాలని దేశమంతా నినదించింది, కేంద్రం 59 యాప్‌లను నిషేధించింది. అయినా 2019-20లో దాదాపు 6,500 కోట్ల డాలర్లున్న చైనా దిగుమతులు 2024-25 నాటికి 11,300 కోట్ల డాలర్లు దాటాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో పగిలిన ఫోన్ డిస్‌ప్లే మార్పించుకోవడానికి మారతహళ్లి నుంచి వచ్చే మన తెలుగు కుర్రాడు అది ఏ దేశానిదని కాక, ఎంతవుతుంది, ఎప్పటికిస్తారు అనే అడుగుతాడు. అద్దె కట్టి, ఇంటికి డబ్బు పంపి, మిగిలినదాంట్లోంచి ఖర్చు పెట్టేవాడి దేశభక్తిని ఆ రసీదుతో కొలవడం అన్యాయం.

బజారులో చూపే కోపం చాలాసార్లు మనవాళ్లకే తగులుతుంది. పుల్వామా దాడి తర్వాత 2019 ఫిబ్రవరిలో బెంగళూరు ఇందిరానగర్‌లోని కరాచీ బేకరీ ముందు కొందరు గుమిగూడి గొడవ చేయడంతో, బోర్డు మీద ‘కరాచీ’ అన్న మాటను గుడ్డతో కప్పేయాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలు మనకు ఫ్రూట్ బిస్కెట్లు తెచ్చిపెట్టే ఆ బేకరీని స్థాపించింది దేశ విభజనలో సర్వం వదులుకుని వచ్చిన సింధీ కుటుంబం.

కొనుగోళ్లు జనం మనసును బొత్తిగా చూపవని మేం అనడం లేదు. ఇరాక్ యుద్ధం తొలి ఏళ్లలో అమెరికాలో సైనికులకు మద్దతుగా కార్లకు అంటించే పసుపు రిబ్బను అయస్కాంతాలు లక్షల్లో అమ్ముడయ్యాయి; యుద్ధం ఎడతెగక సాగేకొద్దీ వాటి గిరాకీ పడిపోయింది. సైనికులు మాత్రం 2011 దాకా ఇరాక్‌లోనే ఉన్నారు. మోజు తీరాక మానేసే మద్దతును నమ్ముకుని ఒక ప్రభుత్వం బిడ్డలను యుద్ధానికి పంపకూడదు.

మన పెద్దలకు 1962లో రక్షణ నిధికి గాజులు, గొలుసులు తీసిచ్చిన ఆడవాళ్లు గుర్తుంటారు. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి పిలుపు మేరకు వారానికి ఒక పూట భోజనం మానేసిన ఇళ్లూ గుర్తుంటాయి. తమ ఒంటి మీద నగనూ, తమ కంచంలో అన్నాన్నీ ఇచ్చినవారికి యుద్ధం ఖరీదు తెలుసు. ఆ ఖరీదెంతో, నష్టమెంతో పాలకులు పార్లమెంటులో చెప్పి, ప్రశ్నలకు జవాబిచ్చాకే ప్రజామద్దతు గురించి మాట్లాడాలి. ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతుంది. ఆనాటి విరాళాలు మాజీ సైనికుల, అమరుల కుటుంబాల సంక్షేమానికి చేరతాయి. బెంగళూరులోని తెలుగు సంఘాలు, అపార్ట్‌మెంట్ సమితులు ఈ ఏడాది నుంచే ఆ విరాళాల సేకరణకు పూనుకోవాలని కోరుతున్నాం.