బిడ్డ చేతిలో ఉండగా చూడరా?

మెళియాపుట్టి వైపు నుంచి ఓ తల్లి రెండేళ్ల పాపను ఎత్తుకుని శ్రీకాకుళం వచ్చింది. పాపకు ఇంకా నడక రాలేదు, మాట రాలేదు. పుట్టుకతోనే థైరాయిడ్ లోపమని, అంటే మెడలోని ఆ గ్రంథి ఎదుగుదలకు కావాల్సిన హార్మోన్ చాలినంత తయారుచేయడం లేదని ఇప్పుడు తేలింది. ఆ పాప పుట్టింది ఇంట్లో కాదు, ఆసుపత్రిలో. పుట్టిన రెండు మూడు రోజుల్లో రక్తపరీక్ష చేసి ఉంటే అప్పుడే తెలిసేది. మా కోపం అక్కడే.

ఈ లోపం ఉన్న పిల్లలు చాలామంది పుట్టినప్పుడు మామూలుగానే ఉంటారు. తల్లి నుంచి అందిన హార్మోన్ కొన్నాళ్లు కాపు కాస్తుంది. తర్వాత పాలు సరిగా తాగరు, ఎప్పుడూ మగతగా ఉంటారు. విరేచనం సాఫీగా కాదు, ఏడుపు బొంగురుపోతుంది, బొడ్డు ఉబ్బుతుంది, రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గవు. ఇంట్లోవాళ్లేమో 'బంగారుతల్లి, ఏడవనే ఏడవదు' అని మురిసిపోతారు. మెదడు ఎదగాల్సిన రోజులు ఆ మురిపెంలోనే గడిచిపోతాయి. రెండు వారాల్లోపు మందు మొదలుపెడితే దాదాపు మిగతా పిల్లల్లాగే ఎదుగుతారు. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా పూడదు.

మందు కూడా అందరికీ తెలిసిన థైరాక్సిన్ మాత్రే. మొదట్లో బరువు కిలోకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. పొడి చేసి చెంచాడు తల్లిపాలలో కలిపి పట్టాలి. ఐరన్, కాల్షియం మందులతో కలిపి ఇవ్వకూడదు.

సుమారు వెయ్యి మందిలో ఒకరికి వచ్చే జబ్బుకు అందరికీ పరీక్ష ఎందుకు, సిబ్బంది ఎక్కడున్నారు అంటారు. సిబ్బంది కొరత నిజమే. కానీ బీసీజీ, హెపటైటిస్ బీ సూదులు వేసే చేతికి మడమ నుంచి నాలుగు రక్తపు చుక్కలు తీయడం బరువా? పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య తీస్తే చాలు. సిజేరియన్ అయిన తల్లి అప్పటికి ఇంకా వార్డులోనే ఉంటుంది. ముందే ఇంటికి పంపాల్సి వస్తే బొడ్డుతాడు రక్తంతోనైనా చూడొచ్చు. కేరళ ప్రభుత్వ ఆసుపత్రులు ఈ పరీక్ష చేస్తూనే ఉన్నాయి.

పుట్టుకతో వచ్చే లోపాలను ముందే పట్టుకోవడానికేనంటూ 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పిల్లల ఆరోగ్య పథకం తెచ్చింది. ఆసుపత్రి ప్రసవాలు పెరిగాయని చెప్పుకుంటారు. బిడ్డ రెండు మూడు రోజులు మీ చేతుల్లోనే ఉన్నా చూడకుండా పంపేస్తే ఆ లెక్క ఎవరికి గొప్ప?

పుట్టుకతో లేకపోయినా, కాస్త పెద్ద పిల్లల్లోనూ థైరాయిడ్ లోపం రావచ్చు. ఎత్తు ఆగిపోయిన పిల్లల్ని 'వాళ్ల నాన్న పోలిక' అని వదిలేయకండి, థైరాయిడ్ లోపాన్ని చూపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి.

శ్రీకాకుళం, విజయనగరం సమీక్షల్లో ఎన్ని ప్రసవాలు అయ్యాయని అడిగే అధికారులు, అందులో ఎంతమంది బిడ్డలకు థైరాయిడ్ పరీక్ష చేశారో కూడా అడగాలి. జవాబు రాకపోతే ఆ సమావేశం ముగించకండి.