విజయుడి ఊళ్లో నిప్పుకు లోటు లేదు

విజయవాడకు ఆ పేరు అర్జునుడి వల్ల వచ్చిందంటారు. ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి పాశుపతాస్త్రం సంపాదించాడట, ఆ విజయుడి పేరే ఊరికి నిలిచిపోయిందట. ఏటా దసరాకి ఈ మాట చెప్పుకుంటాం, బాగానే ఉంది. కానీ అంతకుముందు ఆయన చేసిన ఇంకో ఘనకార్యాన్ని ఎవరూ తలచుకోరు. నేతి అజీర్తితో బాధపడుతున్న అగ్నిదేవుడికి ఖాండవ వనం మొత్తం తినిపించింది కూడా ఈయనే.

ఆ కథను అగ్నిమాపక కోణంలోంచి ఇంతవరకూ ఎవరూ సరిగ్గా చదవలేదని నా అనుమానం. అర్జునుడు రాకముందు అగ్ని ఏడుసార్లు ఆ అడవిని అంటించబోయాడు. ఏడుసార్లూ ఏనుగులు తొండాలతో నీళ్లు తెచ్చి ఆర్పేశాయి. జీతం లేదు, యూనిఫాం లేదు, అయినా డ్యూటీ చేశాయి. ఆఖరిసారి ఇంద్రుడే స్వయంగా వాన కురిపిస్తే, అర్జునుడు బాణాలతో పందిరి వేసి చుక్క నీరు కింద పడనివ్వలేదు. ఆ బాణాలు వేసిన గాండీవం ఎవరిచ్చారయ్యా అంటే వరుణుడు. నీళ్ల శాఖ అధిపతే నీళ్లను అడ్డుకునే సామాను సప్లై చేశాడన్నమాట. శాఖల మధ్య సమన్వయం ఆనాటి నుంచీ ఇలాగే ఉంది కాబట్టి ఇప్పటి అధికారులను తప్పుబట్టడం అన్యాయం.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, నిప్పుకు మనిషితో పెద్దగా పని లేదు. నీళ్లు రాకుండా ఆపడానికే మనిషి కావాలి. ఆ బాధ్యతను బెజవాడ, గుంటూరు వాసులం ఎంత నిష్ఠగా మోస్తున్నామో ప్రపంచానికి తెలియజేయడమే నా ఉద్దేశం.

ముందు కొండపల్లి అడవి చూడండి. ఫిబ్రవరి నుంచి మే దాకా చెట్లు ఆకు రాల్చి, గడ్డి ఎండి, మొత్తం సిద్ధంగా ఉంటుంది. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్టు పెరిగేది ఆ కొండల్లోనే. ఓ సాయంత్రం కొండ మీద ఎర్రటి గీత కనిపిస్తుంది. కింద టీ కొట్టు దగ్గర తీర్పు వెంటనే వచ్చేస్తుంది: "ఎండకే అంటుకుంది." పాపం ఎండ! రోహిణి కార్తెలో రోళ్లు పగిలినా మన దగ్గర ఉష్ణోగ్రత 45 డిగ్రీల దగ్గరే ఆయాసపడుతుంది. ఎండుటాకు దానంతట అది అంటుకోవాలంటే 200 డిగ్రీలైనా దాటాలి. సూర్యుడి వాటా 45 పోగా మిగతా 155 డిగ్రీలూ ఎవరో ఒకరు సర్దాలి కదా. బీడీ ముక్క పారేసినవాడు, వాన పడగానే మేకలకు లేత గడ్డి మొలుస్తుందని అంటించినవాడు, బిర్యానీ వండుకుని పొయ్యి ఆర్పకుండా వెళ్లినవాడు, తలా కాస్త వేసుకుని ఆ లోటు పూడుస్తున్నారు. మన దేశంలో అడవి మంటల్లో అత్యధికం మనుషుల వల్ల వచ్చేవే.

మంట ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు పాకకుండా అటవీ సిబ్బంది వేసవికి ముందే ఆకులూ గడ్డీ ఊడ్చి ఫైర్ లైన్లు వేస్తారు. నేల శుభ్రంగా కనిపించింది కదా అని మనవాళ్లు సరిగ్గా అక్కడే పొయ్యి పెడతారు. ఇంత పద్ధతైన ప్రజలు ఇంకెక్కడైనా ఉన్నారా?

సాంకేతికత కూడా మనకోసం బోలెడంత కష్టపడుతోంది. దాదాపు 800 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం మీది విఐఐఆర్ఎస్ అనే సెన్సర్ నేలను 375 మీటర్ల గళ్లుగా చూస్తూ వేడి చుక్కలను పట్టుకుంటుంది. ఆ సమాచారం డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఎస్సెమ్మెస్‌గా వస్తుంది. పేరు నమోదు చేసుకుంటే మీకూ నాకూ కూడా వస్తుంది. అంతరిక్షం దాకా వెళ్లిన ఈ కథ చివరికి దిగేది కొండ మీద పచ్చి కొమ్మ పట్టుకుని మంటను బాదుతున్న ఓ ఫైర్ వాచర్ దగ్గర. ఫైరింజన్ కొండెక్కదు. మంట మాత్రం ఎక్కుతుంది, అదీ పరుగు మీద. వాలు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని వేగం సుమారు రెట్టింపవుతుంది. అందుకే మంట కింద ఉంటే పైకి పరుగెత్తకూడదంటారు. కొండవీడు కోట చూడ్డానికి వెళ్లిన మన కుర్రాళ్లు పైకే పరుగెత్తుతారు, వీడియో అక్కణ్నుంచే బాగా వస్తుందని.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉండగా ఈ సామెతకు ముప్పేమీ లేదు. కాకపోతే ఇప్పుడు చుట్టతోపాటు చేతిలో ఫోన్ కూడా ఉంటుంది, పైపు లాగే సిబ్బందికి "కొంచెం పక్కకు జరగండి సార్, ఫ్రేమ్‌లోకి వస్తున్నారు" అని మర్యాదగా చెబుతాడు.

గుంటూరుకు ఇంకో సదుపాయం ఉంది. మిర్చి కోల్డ్ స్టోరేజీ అంటుకుంటే సైరన్ అక్కర్లేదు, ఊరు దగ్గుతూ లేస్తుంది.

ఇక ఊళ్లో బాణాల పందిరి సంగతి. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో, గుంటూరు పట్నంబజారులో ఆ పందిరి శాశ్వత కట్టడం. రెండు వైపులా బైకులు, మధ్యలో తోపుడు బండి, పైన కరెంటు తీగలు, తీగల కింద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. ఇంద్రుడే 101కు ఫోన్ చేసి బండెక్కి వచ్చినా సందు మొగలోనే దిగి నడవాలి. ఇంత చేసి, బండి ఆలస్యమైందని తిట్టేదీ మనమే. మెట్ల కింద గోడౌను, సెల్లార్‌లో అట్టపెట్టెలు, అత్యవసర ద్వారానికి అడ్డంగా బీరువా. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన ఓ హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. ఈ ఒక్క వాక్యం దగ్గర నాకు వ్యంగ్యం రాదు, రాసి ముందుకెళ్తున్నాను.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి, పేలుడు పదార్థాలు కలిపి ఎక్కించుకొచ్చిన ఓడ పేలితే ఆర్పడానికి వెళ్లిన సిబ్బందిలో 66 మంది బలయ్యారు. వాళ్ల గుర్తుగా మనం వారం రోజులు కరపత్రాలు తీసుకుంటాం. మరుగుతున్న నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, మూత పెట్టండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకండి, రెగ్యులేటర్ ఆపి 1906కు చెప్పండి. బట్టలంటుకుంటే పరుగెత్తకండి, నేల మీద దొర్లండి. అన్నీ పద్ధతిగా రాసి ఉంటాయి. 21న అదే కాగితం ఎండుటాకుల కుప్ప కింద పెట్టి అగ్గిపుల్ల గీస్తాం. చక్కగా అంటుకుంటుంది.

మా అపార్ట్‌మెంట్‌లో మాత్రం భద్రతకు లోటు లేదని గర్వంగా చెబుతున్నాను. ప్రతి అంతస్తులో మంటలార్పే ఎర్ర సిలిండర్ ఉంది. దాని ముల్లు పచ్చగీత మీద ఉండాలని అంటారు, మాదాంట్లో ముల్లు ఎటుందో వాచ్‌మన్ తగిలించిన అన్నం సంచి తీస్తే గానీ తెలియదు. పిన్ను పిల్లలు లాగేస్తున్నారని కమిటీ తీర్మానం చేసి ఇనుప తీగతో గట్టిగా చుట్టించింది. పొగ కమ్మితే అందరూ పైకి చేరుకోవడానికి డాబా తలుపు ఉంది. దానికి తాళం. తాళంచెవి సెక్రటరీగారి దగ్గర భద్రం. ఆయన డల్లాస్‌లో కూతురి దగ్గరికి వెళ్లారు, సంక్రాంతికి వస్తారు.